క్వారీ గట్టు మీద ఎర్రచొక్కా

సైనిక్‌పురి, సికింద్రాబాద్
జూలై, ఆదివారం

చిరంజీవి ఊర్మిళకు,

నాన్న దీవెనలు. ఇక్కడ ఇద్దరం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ బాగున్నావనే నమ్మకంతో రాస్తున్నాను.

నీ ఉత్తరం మొన్న అందింది. అమ్మ తను చదువుకుని, మళ్ళీ నాచేత చదివించుకుంది. బూట్లు కరిచిన చోట పొక్కులు మానాయా అని అడగమంది. నూనె రాయకు తల్లీ, మెత్తబడి చిట్లుతాయి. పొడిగా ఉంచు. లోపల పల్చటి మేజోళ్ళు వేసుకుని, వాటిమీద మందపువి వేసుకో. సైన్యంలో మా శిక్షణలో మాకూ అదే చెప్పేవారు. అమ్మ మోకాలి సంగతి అడిగావు. బాగా తగ్గింది. ఎంత తగ్గిందంటే, నేను వద్దన్నా వినకుండా బస్సెక్కి మోండా మార్కెట్‌కు పోయి, బేరమాడి ఒక ఇత్తడి గిన్నె మోసుకొచ్చింది. ఎందుకని అడిగితే, నువ్వు వచ్చినప్పుడు పాయసం చేస్తుందట. మేడమీద నీరు కారేచోట సిమెంటు వేయించాను. ఈ ముసురుకు తెలిసిపోతుంది ఆ మేస్త్రీ పనితనం.

"డ్రోన్ సంగతి ఒక్క ముక్కా రాయవేం నాన్నా? కొత్తగా ఏం తీశావు?" అని అడిగావు. ఫోన్‌లోనూ అడిగావు. మీకు ఫోను ఇచ్చేదే కాసేపు, ఆ కాసేపూ అమ్మ పక్కనే ఉంటుంది. ఏదో చెప్పి దాటేశాను. దాటేసిన కొద్దీ అది నన్ను దాటనివ్వడం లేదు. అందుకని రాస్తున్నాను.

శిక్షణకు పోయేముందు నా చేతిలో ఆ చిన్న డ్రోన్ పెట్టి, "టీవీ ముందు కూర్చోకు, కొండలు చూడు" అన్నావు. మన ఇంటిమీద ఎగరేయడానికి వీల్లేదు. ఒకపక్క వైమానిక దళం, ఒకపక్క కంటోన్మెంటు. అందుకని ఆదివారాలు తెల్లారకముందే స్కూటర్ మీద కీసర దాటి పోయేవాణ్ణి. గుట్టలు, చెరువులు, నాట్లు పడ్డ మడులు. మనం రోజూ తొక్కే నేలే పైనుంచి చూస్తే మనది కాదేమో అనిపించేది. ఎంత సంతోషంగా ఉండేదో నీకు చెప్పనక్కర్లేదు, ఆ వీడియోలన్నీ నీకే ముందు పంపేవాణ్ణి.

ఈ ఎండాకాలం, బక్రీదుకు ముందు, ఒక పాత క్వారీ దొరికింది. కంకర తీసి వదిలేసిన గుంత. రాతిని గోడల్లా నిలువునా కోసేశారు. అడుగున పచ్చటి నీళ్ళు, ఎంత లోతో ఎవరికీ తెలియదు. పొద్దు పొడుస్తూనే ఆ రాయి గులాబీ రంగుకు తిరిగింది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. గోడ పైకి ఎంత ఉందో నీళ్ళలో కిందికీ అంతే ఉంది.

నేను ఇటు గట్టున నిలబడి డ్రోన్‌ను అటు గట్టుకు పంపాను. మధ్య చాలా దూరం, నా కళ్ళజోడుకు అక్కడి మనుషులు ఆనరు. ఫోన్ తెరమీద చూసుకోవడమే. అటు గట్టు అంచున ఒక మనిషి కనిపించాడు. ఎర్రచొక్కా. ఇంకా వెలుగు పడని బూడిదరంగు బండల మధ్య ఆ ఎర్ర చుక్క ఎంత బాగా అమరిందో! కావాలని నిలబెట్టినా అలా కుదరదు. అతను తల ఎత్తి డ్రోన్‌ను చూశాడు. రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. పొలాల్లో పిల్లలూ, కూలికొచ్చినవాళ్ళూ అందరూ ఊపుతారు. పలకరిస్తున్నాడు అనుకున్నాను. గుట్టమీద వెలుగు పోతుందన్న తొందరలో డ్రోన్‌ను అటు తిప్పేశాను.

తిరిగి వచ్చేసరికి గట్టుమీద ఎవరూ లేరు. పక్కన ఏటవాలుగా ఉన్నచోట ఒక మేక ఒళ్ళు విదిలించుకుంటోంది. తుంపర ఎండలో మెరిసింది. ముచ్చటేసి అది కూడా తీశాను.

ఆ వీడియోను మా డ్రోన్ మిత్రుల గ్రూపులో పెట్టాను. అందరూ మెచ్చుకున్నారు. వేణుమాధవ్ అని ఒక బ్యాంకు ఆయన, "ఆ ఎర్రచొక్కా మనిషిని ఎక్కడ పట్టారు సార్" అని రాశాడు. నేను మురిసిపోయాను.

వారం తిరిగాక మళ్ళీ పోయాను. మలుపులో చాయ్ అమ్మే సోమయ్య నా స్కూటర్ ఆపాడు.

"గటు పోకుండ్రి సారూ. పోలీసోల్లు తాడు గట్టిండ్రు. ఒక పిల్లగాడు దుంకి సచ్చిండు."

"ఎప్పుడు?"

"పోయిన ఐతారం. మౌలాలి పిల్లగాడు, కలీముల్లా. బక్రీదుకని మేకలు సాదుతుండ్రు, గీడనే షెడ్డు ఏసుకున్నరు. లగ్గం ఖాయమై తప్పిపోయిందట. గా రందితోని దుంకిండంటుండ్రు. చెప్పులు, ఫోను గట్టు మీదనే పెట్టిండు. పాపం తల్లి పిచ్చిదాని లెక్క తిరుగుతాంది. నా కొడుకు గసుంటోడు కాదు, మీరేమన్న చూసిండ్రా అని కనబడ్డోళ్ళనల్లా అడుగుతాంది. దుంకి సచ్చుడు వాళ్ళల్ల పాపమట, జనాజాకు, మట్టి పెట్టనీకి సుత శానమంది రాలేదట."

"ఏ చొక్కా వేసుకున్నాడు?"

"ఎర్రది. ఏందీ, మీరు చూసిండ్రా?"

"లేదు" అన్నాను.

ఇంటికి వచ్చాను. అమ్మ పక్కింటి ప్రిసిల్లా దగ్గరికి పోగానే ఆ వీడియోను టీవీలో పెట్టాను. పెద్ద తెరమీద అన్నీ పెద్దగా ఉన్నాయి తల్లీ. అతను చేతులు ఊపి, వెంటనే కిందికి చూపిస్తున్నాడు. మళ్ళీ ఊపి, మళ్ళీ కిందికి. అతను చూపించిన చోట, నీళ్ళలో, గోడ నీడలో ఒక నల్లటి మచ్చ కదులుతోంది. మేక తల. డ్రోన్ కెమెరాకు చెవులు లేవు. అతని నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. ఏమని అరిచాడో ఎప్పటికీ తెలియదు. నేను డ్రోన్‌ను తిప్పేసే ముందు ఆఖరిగా కనిపించేది అతను వంగి చెప్పులు విప్పుకోవడం.

ఉద్యోగమంతా సైన్యంలో, సందేశాలు అందుకుని చదివే సిగ్నల్స్‌లో చేసినవాణ్ణి. ఒక మనిషి రెండు చేతులూ ఎత్తితే ఏమిటో చదవలేకపోయాను.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఎలా గడిచాయో రాయలేను. ఎదురింటి దండెం మీద ఎర్రచొక్కా ఆరేస్తే కిటికీ మూసేసేవాణ్ణి. అన్నం తింటుంటే ఆ తెరుచుకునే నోరు గుర్తొచ్చేది, ఏమన్నాడా అని నా నోరు కూడా అలాగే ఆడించి చూసుకునేవాణ్ణి. అమ్మ పట్టేసింది. చెప్పాను. విని, "ఆ తల్లికి చూపించాలి కదా" అంది. అంతే అంది.

మౌలాలి పోయాను. గుట్ట కింద వరసలో చిన్న ఇల్లు. తండ్రి ఫకీర్, వెల్డింగ్ పని చేస్తాడు. తల్లి హజీరా. జనగామ దిక్కు నుంచి వచ్చినవాళ్ళు, ఇంట్లో తెలుగే. నేనెవరో చెప్పి, నా దగ్గర ఒక వీడియో ఉంది, అందులో మీవాడు ఉన్నాడు అన్నాను.

ఫకీర్ లేచి నిలబడ్డాడు. "ఏం తీసినవ్ సార్? నా కొడుకు సచ్చేది తీసినవా?"

"నువ్వాగు" అంది హజీరా. "చూపెట్టు భాయిసాబ్."

గోడకు ఆనుకుని కూర్చుని ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది. కొడుకు కనిపించగానే తెరను ముఖానికి దగ్గరగా లాక్కుంది. నేను నీళ్ళలోని మచ్చను వేలితో చూపించాను. తర్వాత ఒడ్డున ఒళ్ళు విదిలించుకుంటున్న మేకను చూపించాను.

"గిది మా తెల్లచెవులది!" అని అరిచింది. "నీళ్ళల్ల పడ్డదా గిది! యా అల్లా, దీనికోసం దిగిండా నా బిడ్డ! ఏమయ్యా, ఇన్నవా? దుంకలే వాడు. దుంకలే! దిగిండు!"

గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. ఆ ఏడుపులో ఎక్కడో ఒక బరువు దిగడం కూడా వినిపించింది నాకు. మళ్ళీ చూసింది. "జెర సౌండ్ పెంచు భాయిసాబ్" అంది. ఇందులో సౌండ్ రాదమ్మా అన్నాను. నమ్మలేదు. ఫోన్‌ను చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, అలాగే ఉండిపోయింది. నేను ఆమె ముఖం చూడలేక గుమ్మం వైపు చూశాను.

ఫకీర్ మాత్రం అప్పటికి అర్థం చేసుకున్నాడు. "వాడు నిన్ను పిలుస్తుండు గదా సార్."

"అవును. పలకరిస్తున్నాడనుకున్నాను."

అతను బయటికి పోయాడు. హజీరా ఇంకోసారి చూస్తూ, "గీడ బొమ్మెందుకు గట్ల ఊగింది?" అని అడిగింది.

"గాలి తల్లీ" అన్నాను.

ఆ వీడియోను హజీరా ఫోన్‌కు పంపి, పోలీసులకూ ఇచ్చాను. ప్రమాదమని రాశారు. మసీదు పెద్దలు ఇంటికి వచ్చి చూశారట. జనాజాకు రానివాళ్ళు కూడా వచ్చి పిల్లవాడి కోసం దువా చేశారని హజీరానే ఫోన్ చేసి చెప్పింది. నువ్వు చేసింది చిన్న పని కాదు భాయిసాబ్ అంది. ఆ మాటకు నాకు అన్నం సహించలేదు.

ఇంతవరకు అమ్మకు తెలుసు. ఇక మిగిలింది అమ్మకు కూడా చెప్పలేదు.

అది గాలి కాదు ఊర్మిళా. ఎవరైనా కిందినుంచి చేతులు ఊపితే, మేం డ్రోన్‌ను అటూ ఇటూ ఊపి జవాబిస్తాం. పిల్లలు కేరింతలు కొడతారు. ఆ రోజూ అలవాటు కొద్దీ ఊపాను. కింద నీళ్ళలో మేక కొట్టుకుంటుంటే, సాయానికి అరిచి అరిచి ఉన్న పిల్లవాడికి పైనుంచి ఆ ఊపు ఏమని కనిపించి ఉంటుంది? చూశాను, వస్తున్నా అని. వీడియో ఎన్నిసార్లు చూసినా వరస మారదు. అతను పిలిచాడు. నేను ఊపాను. ఆ తర్వాతే చెప్పులు విప్పాడు.

నేను ఊపకపోతే దిగేవాడు కాదేమో. దిగేవాడేమో. పొద్దున లేస్తే ఇదే.

వానలు పడ్డాక మళ్ళీ మౌలాలి పోయాను. హజీరా వాకిట్లో మేకకు ఆకు వేస్తోంది. బక్రీదుకు అన్నీ అమ్మేశారు, ఆ తెల్లచెవుల దాన్ని మాత్రం ఉంచుకున్నారు. కూర్చోమంది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పేశాను. ఆ రోజు గాలి అన్నాను, కాదు, నేనే ఊపాను అని.

ఆమె ఆకు వేయడం ఆపలేదు.

"నాకెర్కనే" అంది. "నీళ్ళు జెర సుత కదలలే భాయిసాబ్. రోజు చూస్తున్న గద. గాలుంటే కదలకపోవునా?"

"మరి నన్ను అడగలేదేం?"

"నీ నోటితోని నువ్వే చెప్తవేమో అని సూసిన."

ఆమె చెయ్యి దులుపుకుని, మేక మెడమీద ఆనించి, నా వైపు కాకుండా గుట్ట వైపు చూస్తూ అంది. "ఎవరో వస్తుండ్రు అనుకొని దిగిండు నా కొడుకు. భయంతోని దిగలే. ఒక్కన్ని అనుకొని దిగలే. నేను గట్ల అనుకుంటున్న. నువ్వేమనుకుంటవో నీ ఇష్టం."

క్షమించమని అడుగుదామని పోయినవాణ్ణి, అడగలేకపోయాను. గేటు దగ్గర ఫకీర్ ఉన్నాడు. ఆ మొదటి రోజు తర్వాత నాతో మాట్లాడింది లేదు. నేను పక్కనుంచి దాటుతుంటే, నా ముఖం చూడకుండానే అన్నాడు.

"మల్ల ఎగరేస్తవా సార్ దాన్ని?"

"తెలియదు."

"ఎగరేస్తే, ఎవరన్న చెయ్యెత్తితే దించు. ఊకెనే ఎత్తినా సరే. దించి, పోయి అడుగు."

అమ్మ ఆ డ్రోన్‌ను ఎవరికైనా ఇచ్చేయమంటోంది. ఇవ్వలేదు. పోయిన వారం తీసుకుపోయాను. క్వారీ వైపు కాదు, ఘట్‌కేసర్ అవతల పొలాల్లోకి. నాట్లు వేస్తున్నారు. వంచిన నడుములు, మబ్బులు పడ్డ మడులు, పైనుంచి అందంగా ఉంది. ఒకామె నడుము ఎత్తి, పైకి చూసి, చెయ్యి ఊపింది.

డ్రోన్‌ను దగ్గర్లో పొడిగా ఉన్న గట్టుమీద దించేశాను. చెప్పులు చేతపట్టుకుని గట్ల వెంట జారుకుంటూ నడిచాను. బురదలో ఒకసారి పడ్డాను కూడా. అక్కడికి పోయేసరికి నాట్లు వేసేవాళ్ళందరూ పని ఆపి నన్ను వింతగా చూస్తున్నారు.

"ఏమైందమ్మా? పిలిచావు కదా, ఏం కావాలి?" అన్నాను, రొప్పుతూ.

ఆమె పక్కనున్నవాళ్ళను చూసి నవ్వింది. "అయ్యో, ఏం గావాలె సారూ? ఊకెనే ఊపిన."

"నిజంగానా?"

"నిజంగనే. గిట్ల గింత దూరం ఉరికొస్తరా?" అని, నా ముఖంలో ఏం చూసిందో, నవ్వు ఆపేసింది. "కూసోండ్రి. కూసోని జెర నీళ్ళు తాగుండ్రి" అని తన సీసా అందించింది. నేను ఆ గట్టుమీద కూర్చుని నీళ్ళు తాగాను. వాళ్ళు మళ్ళీ నాట్లలోకి వంగేదాకా అక్కడే ఉన్నాను.

వేళకు తిను. పొక్కులు మానేదాకా పరుగు తగ్గించమని అడుగు, అడగడానికి మొహమాటపడకు.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తున్న
నాన్న