ఆయన చుక్క

గురువారం రాత్రి, నవంబరు 2018
శృంగవరపుకోట

ఫ్యాక్టరీ మొత్తాన్ని కంప్యూటర్లో బొమ్మగా కట్టారు. లోపల ఏది కదిలినా ఆ క్షణమే తెరమీదా కదులుతుంది. ఆ పని చూసే మా అక్క కొడుకు సుధీర్ ఇవాళ నన్ను పిలిపించి చూపించాడు. హెల్మెట్‌లో చిప్పు ఉంటుంది కాబట్టి ప్రతి మనిషీ తెరమీద ఒక చుక్క. ఫర్నేసు పక్కన ఒక చుక్క కదలకుండా ఉంది. దాని కింద మా ఆయన పేరు.

మొన్నటి వానల్లో ఆయన ఆ ఫర్నేసు దగ్గరే పోయారు. తోటివాళ్లు ఆయన హెల్మెట్‌కి బొట్టు పెట్టి అక్కడే మేకుకి తగిలించారు. మాది చర్చికి వెళ్లే ఇల్లే అయినా వద్దనలేకపోయాను. చిప్పు సంగతి ఎవరికీ తట్టలేదు.

"సిన్నమ్మా, పొద్దున్న పొగ లేసి సైరన్ మోగినాది. తెరమీద ఈ సుక్క సూసి, పేరు సూడకుండా ఒకడు లోపలుండిపోనాడని నేనే అరిసినాను. అప్పలనాయుడు మావ పొగలోకి పరిగెత్తీసినాడు. నువ్వు సెప్తేగానీ ఆ హెల్మెట్ తియ్యనివ్వరు. ఏటి సెయ్యమంటావు?" అన్నాడు సుధీర్.

కాసేపు ఆ చుక్కనే చూశాను. "ఇంటికి పంపించీ బాబూ" అన్నాను.

సాయంత్రం, ఆయనతో ఫర్నేసు దగ్గర పనిచేసిన అప్పలనాయుడే తెచ్చాడు. "అన్న బతికున్నప్పుడూ ఇంతే వదినా, సైరన్ కొట్టినా ఓ పట్టాన బయటికొచ్చీవోడు కాదు" అని నవ్వబోయి దగ్గాడు.

హెల్మెట్‌ను బైబిలు పక్కన పెట్టాను. బొట్టు తుడవలేదు. ప్రార్థన మధ్యలో కళ్లు తెరిచి చూశాను. చిప్పు దీపం మిణుకుమంటూనే ఉంది. ఇక్కడ ఆయన్ని చూపించే తెర లేదు. ప్రభువా, ఆయన బయటికి వచ్చినట్టేనా...