మెత్తని కణాలు

శనివారం రాత్రి

అమ్మ చంకలో గడ్డ సంగతి నిన్నటిదాకా నాకొక్కడికే తెలుసు. తిరుపతిలో క్యాన్సర్ మీద పరిశోధన చేసే పక్కింటి సుజాతక్క ఈరోజు మా ఊరు పాకాలకు వచ్చింది. గడ్డ గురించి చెప్పాలంటే సిగ్గేసింది. నీ పనేంటక్కా అని మాత్రం అడిగాను.

"క్యాన్సర్ కణాల్ని నొక్కి సూస్తాం అబ్బోడా. గడ్డ గట్టిగా ఉన్నా లోపలి కణాలు మెత్తన. అందుకే ఎంత ఇరుకు సందులోనైనా దూరిపోతాయి."

మామిడికాయలు ఏరుతున్న అమ్మ నవ్వింది. "మెత్తబడితే పండినట్టే కదా పాపా." కాసేపటికి అక్క చెయ్యి పట్టుకుని తన చంకలో పెట్టుకుంది. "ఇది పండిందేమో సూడు."

అక్క నవ్వలేదు. "చేత్తో తేలేది కాదత్తా. సోమవారం టెస్టుకు పోదాం."

అమ్మ నా వైపు చూసి, "వీడూ రానీ" అంది.

కళ్లు మూస్తే మెత్తని కణాలు నీళ్లలా జారుతున్నాయి. ప్రతి సందు దగ్గరా నేనే చేతులు చాపి నిలబడి ఉన్నాను. అన్ని సందులకూ నా చేతులు చాలితే బాగుండు...