కొయ్యూరు వెళ్లి రంగు మారిన జిగురు

అరకు

నా ఈగలను మార్చేశావు మావా!

కొత్త ఇల్లు కట్టుకున్నావని, నేను పెంచిన కుట్టని తేనెటీగల పెట్టె ఇచ్చాను. టూరిస్టులు ప్రొపోలిస్ అని కొనుక్కుపోయే జిగురు ఉంది కదా, ఇక్కడ అవి పెట్టె పగుళ్లకు ఎర్రగా పూసేవి. నువ్వు అమ్మిపెట్టమని పంపిన ముద్ద పసుపుపచ్చగా ఉంది! సంతలో రెండూ పక్కపక్కన చూసి మా ఊరి రత్నాలత్త అందరి ముందూ అడిగింది: “ఏటే గుంటా, ఇన్నాళ్లూ రంగు కలిపి అమ్మినావేటి?” నా పేరు పోయింది. ఫోన్ చేస్తే సిగ్నల్ లేదంటావు. అందుకే ఉత్తరం.

కోపంతో,
చిట్టి

తా.క. ఈగలు కుట్టవు. నేను కుడతాను.

కొయ్యూరు

కోపిష్టి కోడలికి మంగ్లు మావ దీవెనలు.

అవి నీ ఈగలే. రాగానే కొంచెం ఎర్రగా పూసి, తర్వాత మా ఊరి మర్యాద నేర్చుకున్నాయి. పసుపే సిసలైన రంగు. నువ్వే ఏదో రంగునీళ్లు తాగించి ఉంటావని మా ఇంట్లో మీ అత్త అనుమానం.

నీ మేనమామ

తా.క. కుట్టే గుంటను ఎవడు చేసుకుంటాడని కూడా అడుగుతోంది. నేను అడగలేదు.

అరకు

రంగునీళ్లా! నీ ముద్ద వేడిచేసి చూశాను, జీడిమామిడి బంక కంపు. నా ఈగలకు ఏం తినిపిస్తున్నావు? పొద్దుగూకి అన్నీ లోపలికి చేరాక కన్నం మూసి, పెట్టె బేగి బస్సెక్కించు.

చిట్టి

తా.క. ఖాళీ పెట్టె వచ్చిందో, మా అమ్మను పంపిస్తాను. నీకు అక్కే కదా, తెలుసుగా.

కొయ్యూరు

చిట్టికి, భయంతో దీవెనలు.

తినిపించడానికి అవి కోళ్లా? చుట్టూ జీడితోటలే. వాటంతటవే వెళ్లి కాళ్లకు బంక అంటించుకొస్తున్నాయి. పెట్టె పంపాను.

మంగ్లు

తా.క. అయినా మా తోట జిగురే మేలు. అక్కయ్యకు ఈ ముక్క చదవకు.

అరకు

నీ మీద పెద్ద నేరమే ఉంది మావా. ఈగలను మార్చేశావన్నది కాదు, ఆ నేరం కొట్టిపారేశాను. మీ తోట మా కొండకంటే మేలన్నావే, అదీ నేరం.

పెట్టె దించాక ఈగల వెంట తిరిగాను. ఏగిస చెట్టు బెరడు చిట్లి ఎర్ర బంక నెత్తురులా కారుతుంటే, దాని మీదే వాలాయి. నీ పసుపు జిగురు అంచునే ఎర్రగా పూయడం మొదలుపెట్టాయి. ఒకే పెట్టె, అవే ఈగలు! రత్నాలత్తను లాక్కొచ్చి చూపించాను. “ఓలమ్మో, సెట్టునిబట్టా?” అంది. ఇన్నాళ్లూ ఈగలను చూసి మురిశాను, నన్ను చూసుకుని మురిశాను. ఆ ఎరుపు మా కొండది!

శుక్రవారం సంతకు రా. నా పక్కన కూర్చుని, “ఇది కొయ్యూరు జీడితోటది, అది అరకు కొండది” అని అందరికీ వినబడేలా చెప్పి అమ్ము. వస్తున్నావని గురువారం సాయంత్రం బస్సుకల్లా జవాబు రావాలి.

చిట్టి