పాయలో దించిన డబ్బా

నాగాయలంక అవతల నుంచి

ప్రియమైన కరిముల్లా అన్నా,

ఇక్కడ సిగ్నల్ లేదు. అందుకే చేపల వ్యాన్ లాజరు చేత ఈ ఉత్తరం పంపుతున్నా. డిగ్రీ పిల్లల వేసవి రీసెర్చి అంటే టూరనుకున్నావు కదూ! మడచెట్ల మధ్య మోకాలి లోతు బురదలో తిరుగుతున్నా. నువ్వు ఆటోనగర్ షెడ్డులో చేసిచ్చిన డబ్బాలో వేడి కొలిచే మిషన్ పెట్టి పాయలో దించాం. పోయిన ఏళ్లకంటే నీళ్లు మూడు డిగ్రీలు ఎక్కువ కాగుతున్నాయి! వాతావరణం మారిపోతోందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి? విశాఖ సదస్సులో నన్నే మాట్లాడమన్నారు మా కాలేజీ మేడం. ఎగిరి గంతేశా.

కానీ మనసు కుదురుగా లేదు. అంత వేడికి పీతలు డీలా పడాలి కదా. నా కాళ్ల మీదే పరుగులు పెడుతున్నాయి.

నీ ఆఫ్రీన్

---

విజయవాడ

బంగారు చెల్లికి,

విశాఖ సంగతి అమ్మీ వీధంతా చాటింది. నేను మాత్రం ఊరుకుంటానా? ఆ డబ్బా నాదేనని ప్రతి షెడ్డులోనూ చెప్పా. పీతల గోల నీకెందుకే? మిషన్‌కి ఢోకా లేదులే. నువ్వు చెప్పినట్టే బెజ్జాలు పెట్టా గానీ, అంత ఖరీదైన వస్తువుకి ఉప్పునీళ్లు తగలనిస్తానా? లోపల రబ్బరు ప్యాకింగ్ వేసి సిలికాన్‌తో మూసేశా. చుక్క దూరితే నన్నడుగు!

దువాలతో,
మీ అన్న

---

అన్నా,

కొంప ముంచావు! నీళ్లు తగలడానికే ఆ బెజ్జాలు. ఇన్నాళ్లూ నేను కొలిచింది పాయని కాదు, ఆటుపోటుకి నీళ్లు తగ్గినప్పుడల్లా బయటపడి ఎండకి కాగిన నీ డబ్బాని! మేడం స్లైడ్లు కూడా తయారుచేసేశారు. సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. చెబితే విశాఖ పోతుంది. చెప్పకపోతే అక్కడ నిలబడి అబద్ధం చెప్పాలి. కూర్చోలేను, నిలబడలేను. నువ్వు ఎదురుగా ఉంటే నెత్తిన మొట్టేదాన్ని.

ఆఫ్రీన్

---

అమ్మా ఆఫ్రీన్,

పని మీద చేతులాడట్లేదు. తప్పు నాది. మేడం గారితో నా పేరు చెప్పి నువ్వు బయటపడు. చదువుకోనివాడు చేశాడంటే ఎవరూ ఏమీ అనరు. కావాలంటే నేనే వచ్చి చెబుతా.

అన్న

---

నా పిచ్చి అన్నకి,

చెప్పేశా. నీ పేరు ఎత్తలేదు. మిషన్ ఇచ్చింది నా చేతికి. దించేముందు డబ్బా తెరిచి చూడాల్సింది నేను. మేడం ఆ అంకెలన్నీ కొట్టేయించి, విశాఖకి నాతో చదివే సింధూరిని పంపుతానన్నారు. "ఏళ్ల తరబడి కొలిస్తేగానీ తేలదమ్మా, ఒక్క వేసవిలో నువ్వేం తేలుస్తావు?" అన్నారు.

ప్యాకింగ్ పీకేసి మళ్లీ దించా. నీళ్లు పోయిన ఏళ్లలాగే ఉన్నాయి. ఆ అంకె చూసి వెక్కివెక్కి ఏడ్చానన్నా. ఏడుస్తూ ఏడుస్తూ ఒక్కసారిగా సిగ్గేసింది. పాయ బాగుందని ఏడవడమేంటి? ఈ నీళ్లు కాగిపోతున్నాయని ఇన్నాళ్లూ సంబరపడింది నేనే కదా! నీ మీద కోపం ఎప్పుడో పోయింది. నా మీదే పోవట్లేదు.

నీ చెల్లెలు,
ఆఫ్రీన్