మొదటి సూది

విమలక్కా,

మీరు పోయాక తొలి క్యాంపు ఈరోజే పెట్టాం, నర్సంపేట దగ్గరి పత్తి రైతుల ఊళ్లో. పురుగుమందు కొట్టకముందు ఒకసారి, కొట్టాక ఒకసారి రైతుల నెత్తురు తీసి చూసే మీ పరిశోధనే. పత్తి పురుగుల శాస్త్రవేత్తగా ఉన్న మీకు, ఆ మందు దాన్ని కొట్టే మనిషిని ఏం చేస్తుందోనన్న దిగులు పట్టుకుంది. "పురుగులామెకు దవాఖానల ఏం పని?" అని నవ్విన డాక్టర్లే చివరికి మీ కింద పనిచేశారు.

అంత పెద్ద కుర్చీ వచ్చినా మీ పద్ధతి మారలేదు. ప్రతి ఊళ్లో అందరి ముందూ చెయ్యి చాపి, "రఫియా, మొదటి సూది నాకు" అనేవారు. ఆ తర్వాతే జనం ముందుకొచ్చేవారు.

ఈరోజు ఎవరూ కదల్లేదు. పోయినసారి నెత్తురియ్యనని మీతో జగడం పెట్టుకున్న ఎల్లవ్వ అడిగింది: "మీ పెద్ద మేడం కనబడ్తలేదేంది బిడ్డా? ఆమె ఇయ్యంది మేమెట్ల ఇస్తం?"

మీరిక లేరని చెప్పాను.

ఇన్నేళ్లు అందరికీ గుచ్చినా నాకు సూదంటే భయమని మీకు తెలుసు. అయినా మీ బదులు నేనే ఇద్దామని కుర్చీలో కూర్చున్నాను. ఎల్లవ్వ నా భుజం పట్టి లేపి, తను కూర్చుంది.

"నువ్విస్తే సూది ఎవలు పట్టాలె? మొదలు నాది తీయి."

తీశాను. మొదటి గొట్టం మీద అలవాటుగా మీ పేరే రాశాను అక్కా. అది కొట్టేసి, పక్కన ఎల్లవ్వ అని రాశాను.

రఫియా