పెద్ద లెన్సు, వెనక వరుస

ఏమండీ,

అమ్మను రైలెక్కించి వస్తాను. అన్నం, చారు మూతపెట్టి ఉంచాను, తినండి. ఆఫీసువాళ్ళు మళ్ళీ గ్రూపు ఫొటోకి వస్తారు. ఈసారి పెరట్లో వెలుగులో నిలబెట్టండి. ఫ్రెంచి దొర ఊరు విడిచిపోతూ మీకిచ్చిన ఆ పెద్ద లెన్సును మాత్రం పూర్తిగా తెరవకండి. మొన్న చీకటి హాల్లో అలా తెరిస్తే ముందు కూర్చున్న అధికారులు బాగానే పడ్డారు, వెనక నిలబడ్డ గుమస్తాలంతా మసకైపోయారు. "ఏంది సార్, మా మొహాలు యాడ?" అని వెంకటేశన్ గారు అడిగితే మీరు నా వైపు చూశారు.

అయినా ఆ లెన్సును ఇక తిట్టను. ఫ్లాషు వెలిగితే అమ్మ కళ్ళు మూసేసుకుంటుంది. కళ్ళు తెరిచిన ఫొటో ఆవిడకి ఇంతవరకూ ఒక్కటీ లేదు. నిన్న ఫ్లాషు లేకుండా, ఆ లెన్సు పూర్తిగా తెరిచి, వంటింటి కిటికీ వెలుగులోనే తీశారు. ఆ కళ్ళు ఎంత చక్కగా వచ్చాయో! పొద్దున అమ్మ చూసుకుని, "నేనింత బాగుంటానా?" అంది. మీ మేలు మరిచిపోను.

నాగకుమారి

తీగ మీద ఆరుతున్న రెండో కాపీ నాకు. అంచులు కత్తిరించేటప్పుడు చూసుకోండి. అమ్మ వెనకాల ఉన్నది పొయ్యి పొగ కాదు, నేను.