ముందు సీటు

అత్తయ్యగారికి,

మీ కోడలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ పాపా క్షేమం. ఈ ముక్క లేకుండా ఉత్తరం మొదలుపెట్టడం నాకు చేతకాదు కనుక రాశాను. అందులో నిజమెంతో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది. అక్కడ మీరు, వదిన, అన్నయ్యగారు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఫోను చెయ్యొచ్చు కదా అంటారు. మొన్న చేశాను కదా. నా గొంతు వినగానే మీరు ఏడుపు అందుకుంటారు, మీ ఏడుపు వినగానే నేను అందుకుంటాను, చివరికి ఇద్దరం ముక్కు చీదుకుని పెట్టేస్తాం. చెప్పవలసింది నోట్లోనే ఉండిపోతుంది. అందుకే కాగితం తీశాను. ఒక్క మనవి. ఈ ఉత్తరం వదిన చేత చదివించుకోకండి. తలుపు దగ్గరగా వేసుకుని మీరే చదువుకోండి.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. వంటింటి గోడకు చెమ్మ తగ్గలేదు. ఇంటాయన రంగు వేయించాడు, చెమ్మ ఆ రంగును కూడా తాగేసి మళ్ళీ పైకి వచ్చింది. పాప దగ్గు తగ్గింది. తిండి మాత్రం కోడిపిల్ల గింజలు ఏరినట్టు ఏరుతోంది. మీ అబ్బాయి చెప్పులు గుమ్మం దగ్గర నుంచి తీసేశావా అని అడిగారు. తియ్యలేదు. ఇల్లు తుడిచేటప్పుడు పక్కకు జరిపి, తుడవగానే మళ్ళీ అక్కడే పెడుతున్నాను. మీరు మోకాలికి పట్టీ కట్టుకుంటున్నారా, లేక అది బీరువాలో భద్రంగా ఉందా? మీ సంగతి నాకు తెలియనిది కాదు.

నా పని మునుపటిలాగే ఉంది. ఆ పెద్ద హాల్లో, రోలర్ కోస్టర్ మెట్ల కింద, పోయిన వస్తువుల కౌంటర్‌లో కూర్చుంటున్నాను. జనం చీకట్లో తలకిందులవుతూ ఏమేం పారేసుకుంటారో లోగడ రాశాను కదా. ఈ వారం ఒక పెద్దమనిషి పళ్ళసెట్టు పోగొట్టుకుని, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు. నా దగ్గర రెండు సెట్లు ఉన్నాయి. మహానుభావుడు రెండూ పెట్టి చూసుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. మీ అబ్బాయి పోయాక నవ్వడం అదే మొదలు. ఎవరైనా చూశారేమోనని వెంటనే తల దించుకున్నాను.

ఇక ఆదివారం సంగతి. మేనేజరు మీకు నేరుగా కబురు పంపాడని మీ ఉత్తరం వచ్చాకే తెలిసింది. రోలర్ కోస్టర్ బండి ఎక్కే ప్లాట్‌ఫారం మీద మీ అబ్బాయి ఫొటో పెడతారట. దాని కింద 'భయమెరుగని మెకానిక్' అని రాయిస్తున్నారట. ఆ పూట మొదటి బండిలో ముందు సీట్లో పాపను కూర్చోబెట్టి తిప్పుతారట, ఫొటోగ్రాఫర్ వస్తాడట. మీరు సరేనన్నారు. నన్ను ఒక మాట అడిగి ఉంటే బాగుండేది. పోనీలెండి, అదేమంత ముఖ్యం కాదు.

మీరు రాసిన మాటలు మీకు గుర్తున్నాయో లేదో, నాకు మాత్రం కంఠతా వచ్చేశాయి. "పాపను ఎక్కించు అమ్మాయ్. అది ఎవరి కూతురనుకున్నావు? నా కొడుకు బుద్ధెరిగాక భయమన్నది ఎరగడు. నువ్వు అతిగారాబం చేసి దాన్ని పిరికిదాన్ని చెయ్యకు. నేను వచ్చి కళ్ళారా చూస్తాను. ఇది దానికి చదివి వినిపించు." చదివి వినిపించాను. అది ఊఁ కొట్టి, బొమ్మల పుస్తకం ముందేసుకుని కూర్చుంది. పట్టించుకోలేదులే అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మీకు తెలుసు కదా, లిఫ్టు తలుపు మూసుకుంటేనే అది నా చెయ్యి నలిపేస్తుంది. వాళ్ళ నాన్న పోయినప్పటి నుంచి మరీ ఎక్కువైంది. ఇంత పిల్ల అయి కూడా మళ్ళీ పక్క తడుపుతోంది. పొద్దున్నే లేచి, నాకు తెలియకుండా దుప్పటి తనే తీసి నీళ్ళలో నానబెడుతుంది. నేనూ చూడనట్టే ఉంటున్నాను.

నిన్న సాయంత్రం పని నుంచి వచ్చేసరికి ఇంట్లో లైటు లేదు. బాత్‌రూములోంచి గడగడమని శబ్దం. తలుపు తీసి లైటు వేశాను. వాషింగ్ మెషీన్ బట్టలు పిండుతూ ఊగిపోతోంది. దాని మీద పాప, కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులతో అంచులు పట్టుకుని కూర్చుంది. గౌను ముందంతా వాంతి. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏమిటే ఇది? ముందు దిగు!"

"ఆపకమ్మా. ఇంకొంచెం సేపు. నాయనమ్మ వచ్చేలోపు అలవాటు చేసుకోవాలి."

"వాంతి చేసుకున్నావు కదే తల్లీ."

"నిన్న రెండుసార్లు అయింది. ఇవాళ ఒక్కసారే."

ఆ మాట ఎంత గర్వంగా అందో మీకు వినిపించలేను. దించి, స్నానం చేయించి, తువ్వాలు చుట్టి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. ఎక్కించాలా వద్దా అన్నది నా మనసులోనూ నాలుగు రోజులుగా నలుగుతున్న విషయమే. ఒకసారి ఎక్కేస్తే భయం పోతుందేమో అని నాకూ ఆశ కలిగింది. అబద్ధమాడను. అలా భయం పోయినవాళ్ళను రోజూ చూస్తున్నాను. ఏడుస్తూ ఎక్కి, దిగగానే మళ్ళీ క్యూలో నిలబడేవాళ్ళున్నారు.

మీ అబ్బాయి ప్లాట్‌ఫారం మీద పనిచేసేవాళ్ళకు ఒక పద్ధతి నేర్పారు. వణుకుతూ వచ్చినవాళ్ళను 'భయమా?' అని అడగకూడదు. అలా అడిగితే లోకంలో ఎవరూ అవునని చెప్పరు. 'ఎవరు ఎక్కమన్నారు?' అని అడగాలి. 'నేనే ఎక్కుతానన్నాను' అంటే, పళ్ళు టకటకలాడుతున్నా సరే, కూర్చోబెట్టి, ఒళ్ళో అడ్డంగా పడే కడ్డీ దించాలి. జవాబు చెప్పకుండా పక్కవాళ్ళ మొహం చూశారా, ఇక ఎవరు ఎంత బతిమాలినా ఎక్కించకూడదు. ఒక గ్లాసు నీళ్ళిచ్చి పక్క తలుపులోంచి పంపెయ్యాలి. ఇప్పటికీ అందరూ అదే పాటిస్తున్నారు.

నేనూ పాపను అదే అడిగాను. "నిన్ను ఎవరు ఎక్కమన్నారు?"

మీరన్నారని చెబుతుందనుకున్నాను. అది గోడ మీద ఫొటో వైపు చూసింది.

"నాన్న."

"నాన్న ఎప్పుడన్నాడే?"

"అనలేదు. కానీ నాకు భయమని తెలిస్తే నాన్నకి సిగ్గేస్తుంది కదా. ఆ నాన్నకి ఈ పిరికిదేమిటి అని అందరూ అనుకుంటారు."

అత్తయ్యా, ఇక్కడ కాసేపు ఆగి, మంచినీళ్ళు తాగి చదవండి. ఇన్నాళ్ళూ మీ దగ్గర దాచింది ఇప్పుడు రాస్తున్నాను. మీ అబ్బాయికి ఆ బండి అంటే భయం. ఏదో కాస్త బెరుకు కాదు, ఒళ్ళంతా చెమటలు పట్టి మాట పడిపోయేంత భయం. పనిలో చేరిన కొత్తలో ఒక్కసారి ఎక్కారు. దిగి, చక్రాలు పెట్టే గది వెనక్కి వెళ్ళి గోడ పట్టుకుని కూలబడ్డారట. ఆ తర్వాత ఆ బండిలో ఒక్క చుట్టు కూడా తిరగలేదు. దాని ప్రతి బోల్టూ ఎరిగిన మనిషి.

కానీ అక్కడ రూలు ఒకటుంది. రోజూ జనం రాకముందు బండిని ఖాళీగా రెండు చుట్లు తిప్పాలి. మెకానిక్ ముందు సీట్లో కూర్చుని శబ్దం వినాలి. మీ అబ్బాయి అందరూ చూస్తుండగా కూర్చునేవారు. బండి చీకట్లోకి వెళ్ళి, దాన్ని పైకి లాగే గొలుసు అందుకునే చోట ఒక్క క్షణం ఆగేది. అక్కడ దిగి, వేసుకున్న నీలం కోటు విప్పి సీట్లో పెట్టి, దాని మీద కడ్డీ దించేవారు. కెమెరాలో చూస్తే మనిషి ఉన్నట్టే ఉంటుంది. బండి తిరుగుతుంటే ఆయన పట్టాల పక్కనున్న చెక్కల మీద నడుస్తూ శబ్దం వినేవారు, కింద పడిన వస్తువులు ఏరేవారు. కంట్రోల్ గదిలో ఉండే పెద్దాయనకు ఒక్కడికే ఈ సంగతి తెలుసు. మొదటి చుట్టు అవగానే ఆ పెద్దాయన బండిని చీకట్లోనే ఆపి, టార్చి వెలుగు కోసం చూసేవాడు. మీ అబ్బాయి పట్టాలు దాటి అవతలి పక్కకు చేరి టార్చి వేశాకే రెండో చుట్టు. అది అయ్యాక బండి మళ్ళీ చీకట్లో ఆగితే ఎక్కి, కోటు తొడుక్కుని బయటికి వచ్చేవారు. ఏళ్ళ తరబడి ఇద్దరూ ఇలాగే నడిపారు.

పెద్దాయన రిటైరయ్యాడు. ఆ గదిలోకి ఒక చిన్న అమ్మాయి వచ్చింది. తనకన్నా అంత చిన్నదైన పిల్లతో 'నాకు భయమమ్మా' అని చెప్పడానికి మీ అబ్బాయికి నోరు రాలేదు. శబ్దం వినాలని చెప్పి గొలుసు దగ్గర మాత్రం ఆపించుకున్నారు. టార్చి సంగతి రేపు ఏదో సాకు చెప్పి సర్దుకుంటాననీ, అప్పటిదాకా బండి వచ్చేలోపే పట్టాలు దాటేస్తాననీ నాతో అన్నారు. ఆ పిల్ల కెమెరాలో చూసింది. ముందు సీట్లో కోటు కనబడింది. మనిషి ఉన్నాడనుకుంది. రూలు ప్రకారం బండిని ఆపకుండా రెండో చుట్టు వదిలింది. ఆ సమయానికి మీ అబ్బాయి పట్టాల మధ్యలో ఉన్నారు.

ఆయన చేతిలో ఎవరిదో కళ్ళజోడు ఉందట. అది నా కౌంటర్‌కే చేరింది. నేను తిరిగి పనిలోకి వెళ్ళినప్పుడు సొంతదారు వచ్చాడు. తుడిచి ఇచ్చాను. అద్దం మీద గీత పడిందని సణుక్కుంటూ వెళ్ళాడు.

కనుక ఆ అమ్మాయిని తిట్టడం మానండి. ప్రతి ఉత్తరంలోనూ దాని చేతులు పడిపోవాలని రాస్తున్నారు. ఆ చేతులు ఎప్పుడో పడిపోయాయి. కంట్రోల్ గదిలోకి వెళ్ళలేక ఇప్పుడు మెట్లు ఊడుస్తోంది. మధ్యాహ్నం డబ్బా తెచ్చుకుని నా కౌంటర్ వెనక కూర్చుంటుంది, మూత తీస్తుంది, మళ్ళీ పెట్టేస్తుంది. పట్టాల మీదికి ఆయన ధైర్యం కొద్దీ వెళ్ళారని మేనేజరు చెబుతుంటే ఆ పిల్లా అదే నమ్ముతూ వచ్చింది. ఇవాళ దానికి కూడా అంతా చెప్పేశాను. చాలాసేపు నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

ఎందుకిలా దొంగాట ఆడడం, ఇంకో పని చూసుకోవచ్చు కదా అని ఒకసారి మీ అబ్బాయిని నిలదీశాను. అప్పుడు ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "చిన్నప్పుడు నాన్న లేని ఇల్లు మాది. రాత్రిళ్ళు పెరట్లో ఏ చప్పుడైనా అమ్మ నన్నే ముందు పంపేది. వెనక దీపం పట్టుకుని నిలబడి, 'వెళ్ళరా, నా పులివి కదూ' అనేది. ఆవిడ చేతిలో దీపం ఊగిపోయేది. ఆవిడ భయం చూడలేక నేను పులినయ్యాను. తెల్లారితే వీధి వీధంతా చెప్పుకునేది. ఆవిడకి ఉన్న గొప్ప అదొక్కటేనే. నువ్వు మాత్రం చెప్పకు."

చెప్పనని మాటిచ్చాను. ఆయన ఉన్నన్నాళ్ళూ నిలబెట్టుకున్నాను. వాషింగ్ మెషీన్ మీద కూతురు వణకడం చూశాక ఇక నిలబెట్టుకోవడం నా వల్ల కాలేదు. మిమ్మల్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. మగదిక్కు లేని ఇంట్లో ఆడది బిడ్డను ముందు నిలబెట్టుకోక ఏం చేస్తుంది? ఇప్పుడు నా ఇల్లూ అలాంటిదే. అందుకే నాకు భయం వేస్తోంది అత్తయ్యా. నేను కూడా దీన్ని అలాగే ముందుకు తోస్తానేమోనని భయం.

ఆదివారం పాప ఎక్కదు. మేనేజరుకు చెప్పేశాను. మొహం మాడ్చుకున్నాడు. ఫొటో కింద ఆ మాట తీసేసి ఉత్త 'మెకానిక్' అని రాయించమన్నాను. ఎందుకని అడిగాడు. ఆయన పని అదే కనుక అన్నాను. పాప పెద్దయ్యాక తనే ఎక్కుతానంటే అప్పుడు నేనే కడ్డీ దించుతాను.

మీకు కోపం వస్తుంది. తిట్టండి, పడతాను. కానీ ఆదివారం రాకుండా మాత్రం ఉండకండి. ఫొటో పెట్టే వేళకు మీరు అక్కడ ఉండాలి. పాప కూడా మీకోసం ఎదురుచూస్తోంది. ఎందుకో చెబుతాను.

నిన్న దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వాళ్ళ నాన్న సంగతి పిల్లకు తెలియవలసినంత వరకు చెప్పాను. తువ్వాలు అంచు వేలికి చుట్టుకుంటూ వింది.

"నాన్నకి కూడా వాంతయిందా?"

"అయింది. చొక్కా అంతా. నేనే ఉతికాను."

ఫక్కున నవ్వింది. నవ్వు మధ్యలోనే ఏడుపు వచ్చేసింది. ఆయన పోయిన రోజు నుంచి అది ఏడవలేదు అత్తయ్యా, అందరూ గట్టిపిల్ల అని మెచ్చుకున్నారు. నిన్న మాత్రం ఎక్కిళ్ళు పట్టి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి పడుకుంది. తెల్లారేసరికి మళ్ళీ పక్క తడిసింది. కాకపోతే ఈసారి నన్ను లేపింది, ఇద్దరం కలిసి దుప్పటి తీశాం.

ఆ దుప్పటి పిండుతూ అది నన్ను ఒక మాట అడిగింది. నాయనమ్మ వచ్చాక ఆవిడనే అడుగుదువుగాని అన్నాను. అది మరిచిపోయే పిల్ల కాదు, మీరు గుమ్మంలో అడుగు పెట్టగానే అడుగుతుంది. అందుకని ముందే రాస్తున్నాను. అడిగినప్పుడు కసురుకోకుండా, దగ్గర కూర్చోబెట్టుకుని ఏదో ఒకటి చెప్పండి.

"నాకు భయమేస్తే నీ దగ్గరికే వస్తాను కదమ్మా. మరి నాన్న వాళ్ళమ్మ దగ్గరికి ఎందుకు వెళ్ళలేదు?"

ఇట్లు,
మీ కోడలు